పాతాళ శబ్దార్థ విచారము

పాతాళ మను మాట నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. ఎఱిఁగినవారెల్లరు నొక్క యర్థమునే యెఱిఁగియున్నారా యన్నచో సందేహమే. ఈ సందేహము నాకు గ్రంథపఠనమువలనఁ గాక రెండు చిన్న కాగితములవలన కలిగినది.

హైదరాబాదు నగరమునకు పడమట, మాదాపురమున, 1998 సంవత్సరమున సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది మొదలు హైటెక్ సిటీ యని ప్రసిద్ధి గాంచిన ప్రదేశమున యంత్రజ్ఞుఁడుగా నున్న మిత్రుఁ డొకఁడు తెలుఁగున వ్రాసిన కరపత్రము నొకదానిని సవరింపుమని నాకు పంపెను. అంతర్జాలమున జరుగు మోసముల గూర్చి సామాన్యులను హెచ్చరించుట దాని యుద్దేశము. అందు 'డార్క్ వెబ్' అను దానికి 'పాతాళజాలము' అని యనువాదము చేసి, 'ఇది నేరగాండ్ర నివాసము. పేరునకు తగినట్లే నరకప్రాయము' అని వివరించియుండెను. ఆ వారముననే మా మనుమరాలి తెలుఁగు ప్రశ్నపత్రము చూచుట తటస్థించినది. 'పాతాళ మనఁగా నేమి?' అను ప్రశ్నకు 'పాపులు శిక్ష ననుభవించు చోటు' అని బాలిక వ్రాయఁగా పరీక్షకులు పూర్తిగా గుణము లిచ్చియున్నారు. యంత్రజ్ఞుఁడును బాలికయు నొక్క పొరపాటే చేసిరి. పరీక్షకుఁడును దానినే చేసినందున విషయము విచారింపఁదగిన దైనది.

ముందు నిఘంటువు. అమరసింహుఁడు తన కోశమున ప్రథమకాండమందు పాతాళభోగివర్గమును, నరకవర్గమును వేఱువేఱుగా కూర్చెను. మొదటిదానియందు అధోభువనము, పాతాళము, బలిసద్మము, రసాతలము, నాగలోకము అను నైదును పర్యాయపదములు. వాని వెనువెంటనే రంధ్రము, బిలము, వివరము మొదలగు పదములును, పిమ్మట సర్పముల పేర్లును వచ్చును. నరకము, నిరయము, దుర్గతి మున్నగునవి తరువాతి వర్గమునఁ గాని కానరావు. బాల్యమున అమరము వల్లించినవారి కీ భేదము వేఱుగా చెప్పవలసిన పనిలేకుండెను. ఆ పఠనము బడులనుండి తొలఁగిపోయిన పిమ్మట రెండు గదుల నడిమి గోడ కూలినట్లైనది.

వ్యుత్పత్తియు నిట్లే. 'పత' ధాతువుమీఁద 'ఆలఞ్' అను ఉణాది ప్రత్యయము చేరఁగా పాతాళ శబ్దము సిద్ధించునని వైయాకరణులు చెప్పుదురు. పడుటకు తావైనది యని దాని యర్థము. పాదతల మనుదానినుండి పుట్టినదని కొందఱూహింతురు గాని ధ్వనిమార్గమున నది నిలుచునట్లు తోఁపదు. ఎట్లైనను క్రిందుగా నుండుట, లోఁతుగా నుండుట యను నంతకు మించి యీ శబ్దమున దోషభావ మేమియు లేదు. పడుట యన్న మాత్రమున పాప మనుకొన్నచో వర్షమును పాపమే యగును.

పురాణములలో అధోలోకము లేడు. భాగవతము పంచమస్కంధమున అతల, వితల, సుతల, తలాతల, మహాతల, రసాతల, పాతాళములని వరుస. విష్ణుపురాణమున పేర్లును వరుసయు కొంత మాఱినవి. అం దొకటి గభస్తిమంతము. గభస్తి యనఁగా కిరణము. వెలుఁగు పేరు గల లోకము అధోలోకములలో లెక్కింపఁబడుట గమనింపఁదగినది. పాతాళమునుండి మరలివచ్చిన నారదుఁడు స్వర్గముకంటె నదియే రమ్యతర మని దేవసభలో పలికినట్లు విష్ణుపురాణము చెప్పుచున్నది. భాగవతము వీనికి బిలస్వర్గము లని పేరిడినది. అచట సూర్యుఁడు లేఁడు. కాని నాగుల ఫణామణుల కాంతిచే చీఁకటియు లేదు. మయుఁడు నిర్మించిన పురములు, ఉద్యానములు, సరోవరములు గలవు. సుతలమున బలిచక్రవర్తి యున్నాఁడు. ఆతని ద్వారమున విష్ణువే కావలియున్నాఁడు. వామనుఁడు బలిని పాతాళమునకు త్రొక్కె నని మనము చెప్పుకొనుచుందుము. భాగవతము ప్రకార మది సుతలము. అది శిక్షయో యనుగ్రహమో యని యడిగినచో, పోతనామాత్యుని యష్టమస్కంధము చదివినవారు రెండవదానినే చెప్పుదురు.

మఱి నరకము లెచట నున్నవి? అదే పంచమస్కంధము చివరి యధ్యాయమున వాని ప్రసక్తి వచ్చును. భూమికి క్రిందుగ, జలమునకు మీఁదుగ, దక్షిణదిక్కున, యముని యధికారమునకు లోఁబడి 28 నరకములు చెప్పఁబడినవి. అధోలోకముల వర్ణన ముగిసిన పిదప, వేఱుగా పరీక్షిన్మహారాజు ప్రశ్నింపఁగా శుకుఁడు చెప్పిన సంగతి యిది. ఆ 28లో మొదటి రెండును తామిస్రము, అంధతామిస్రము. రెంటికిని చీఁకటియే పేరు. పరుల ధనమును, బిడ్డలను, భార్యను అపహరించువాఁడు తామిస్రమున పడునని యచట నున్నది. కరపత్రము వ్రాసిన మిత్రుఁడు వెదకినది యీ మాట. అతనికి దొరికినది పాతాళము.

నిజమునకు పాతాళవర్ణనమున మాయకు చోటు లేకపోలేదు. అతలమున మయపుత్రుఁడగు బలుఁ డను నసురుఁడు 96 విధములగు మాయలను సృజించె ననియు, వానిలో కొన్నిటిని మాయావులు నేఁటికిని ప్రయోగింతు రనియు భాగవతము. ఇది చదివినపుడు నాకును కరపత్రము తలఁపునకు వచ్చినమాట నిజము. దైత్యులకును దానవులకును నివాసమగుటచే పాతాళము దుష్టస్థాన మనవచ్చుఁగదా యని యెవరైన నాక్షేపింతురేని, ప్రహ్లాదుని వంశమునకును అదియే నివాస మని సమాధానము. హిరణ్యాక్షుఁడు భూమిని రసాతలమున దాఁచినాఁడు; అసురు లోడినప్పుడు పాతాళమున దాఁగినారు. దాఁగుచోటగుట పాతాళ లక్షణము, దండించుచోటగుట కాదు.

భారతకథలలో నీ యర్థము మఱింత స్పష్టము. నన్నయ భట్టారకుఁడు ఆదిపర్వమున ఉదంకోపాఖ్యానమును తెలిఁగించెను. తక్షకుఁడు కుండలముల నపహరించి బిలమున దూఱఁగా ఉదంకుఁడు వెన్నాడి నాగలోకమున కరిగి నాగులను స్తుతించును. అచట నిద్దఱు స్త్రీలు తెల్లనివియు నల్లనివియు నగు దారములతో వస్త్రము నేయుచుందురు. ఆఱుగురు కుమారులు పండ్రెం డాకుల చక్రమును త్రిప్పుచుందురు. ఆ దారములు రాత్రింబవళ్లు. ఆ కుమారులు ఋతువులు. లోకమునకు కాలము నేయఁబడు మగ్గము పాతాళమున నున్నదన్నమాట. ఇంతకు మించి గౌరవ మేమి కావలయును? అదే పర్వమున ఉలూచి యర్జునుని నాగలోకమునకు కొనిపోయి వరించును. చేమకూర వేంకటకవి విజయవిలాసమునకు వచ్చుసరికి ఆ నాగలోకము శృంగారమునకు తగిన పట్టణమే యైనది. పద్మపురాణమున పాతాళఖండ మని యొక ఖండము గలదు. దానియందు రామాశ్వమేధకథ విశేషభాగము. శేషుఁడు వాత్స్యాయనునకు చెప్పినది గావున దాని కా పేరు. పాతాళఖండమన్న వెంటనే నరకవర్ణన మనుకొని తెఱచినవానికి రాముని యశ్వము కనఁబడును.

జ్యోతిషమున నింకొక బలమైన ప్రమాణము గలదు. లగ్నమునుండి నాల్గవ భావమునకు పాతాళ మని పేరు. తల మీఁదుగా నుండునది దశమము. దానికి సరిగా నెదురు, కాళ్లక్రింద నుండునది చతుర్థము. సూర్యుఁ డచట నున్నపుడు నడిరేయి. ఆ భావముచే విచారింపఁబడునవి గృహము, తల్లి, సుఖము. పాతాళము కీడైనచో శాస్త్రకర్తలు తల్లిని, యింటిని అచట నుంచెడివారు కారు. సూర్యసిద్ధాంతము భూగోళము నంగీకరించి, దాని లోపలి కుహరములయందు నాగాసురులకు నివాసములైన రమ్య పాతాళభూములు గలవని చెప్పినది.

ఇచట నొక్క ప్రాసంగిక విషయము. పాతాళ మనఁగా నమెరికా యని దయానందసరస్వతి సత్యార్థప్రకాశమున వ్రాసెను. ఉలూచి యా దేశపు కన్య యని యాయన తలంపు. దీనిని చరిత్రగా నంగీకరింప వలనుపడదు. అయినను లెక్క కొంత వినోదకరము. హైదరాబాదు తూర్పు రేఖాంశము సుమారు 78½ అంశలు. దాని కెదుటి రేఖ పశ్చిమమున 101½ అంశలు; అది టెక్సాసు పడమటి భాగముమీఁదుగా పోవును. అక్షాంశముకూడ లెక్కించినచో సరిగా పాదముల క్రిందికి వచ్చునది పసిఫిక్ మహాసముద్రపు నీరే. కాని సూర్యుని మట్టుకు టెక్సాసున మిట్టమధ్యాహ్న మైనపుడు మనకు నడిరేయి. జ్యోతిషభాషలో మన పాతాళస్థానమునం దాతఁడు వారి నడినెత్తిమీఁద నుండును. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి మేడలలో రాత్రియెల్ల దీపములు వెలిఁగించుకొని ఆ పగటికై పనిచేయు తెలుఁగుబిడ్డలును, ఆ పగటిలోనే కాపురమున్న తెలుఁగుబిడ్డలును వేలకొలఁది. దయానందుఁడు పాతాళ మనిన దేశమునకు మనవారు వీసాకై వరుసలో నిలిచియుండుట చూచినచో, నారదుని వాక్యమును కొందఱైన సమర్థింతురేమో!

ఇఁక తెలుఁగు వాడుక. గ్రంథములకంటె నిది నాకు ముఖ్యమైనదిగా తోఁచును. మన జనులు పాతాళ శబ్దమును ఏయే వస్తువులకు పెట్టుకొన్నారో చూడుఁడు. శ్రీశైలమున కొండమీఁదినుండి వందలకొలఁది మెట్లు దిగిన పిమ్మట కన్పట్టు కృష్ణానది పాతాళగంగ. అది స్నానతీర్థము, పాపము పోవు చోటు, పాపులను వేయించు చోటు కాదు. నూతిలో పడిన చేఁదను పైకి తీయుటకు త్రాటికి కట్టి దింపెడి పలుకొక్కెముల యినుపసాధనము పాతాళభేది. కొన్ని సీమలలో దీనినే పాతాళగరిగె యందురు. ఈ సాధనము ఊరి కొకటో రెండో యుండెడిది. అడిగి తెచ్చుకొని, పని తీఱినంతనే మరల నిచ్చివేసెడివారు. దూసరితీఁగకు వైద్యగ్రంథములలో పాతాళగరుడి యని పేరు. రసవాదులకు పాతాళయంత్ర మొకటి గలదు: భూమిలో గుంట త్రవ్వి పాత్ర నుంచి, ఔషధముగల పాత్రను బోరగిల దానిపై నిలిపి, మీఁద నగ్ని పెట్టినచో తైలము క్రిందికి దిగును. ఈ నాల్గింట పాతాళ మన్న లోఁతు. ఆ లోఁతున నీరో, తైలమో, పోయిన చేఁదయో యేదియో యొక ప్రయోజనము. కష్టపడినచో తిరిగి రాఁబట్టఁదగినది యచట నున్నదని తెలుఁగువాని నమ్మకము.

గచ్చిబౌలి యను పేరును ఈ సందర్భముననే తలఁపవలసియున్నది. గచ్చు సున్నపుపని, బౌలి మెట్లబావి. మన 'బావి'యు, ఉర్దూ 'బావ్లీ'యు నొక్క సంస్కృత 'వాపీ' శబ్దమునకే బిడ్డలు. నేఁ డచట బావి నడుగువారు లేరు. నల్లరాతి నేలను తొలిచి గొట్టపుబావులు దింపుచున్నారు. వేసవి వచ్చినంతనే 'పాతాళానికి చేరిన గంగ' యని పత్రికలు వ్రాయుచున్నవి. ఈ ప్రయోగము నిర్దుష్టము. గంగకు పాతాళమున భోగవతి యని పేరుండనే యున్నది; సగరపుత్రులు త్రవ్వినదియు నా దిక్కునకే. విలేకరి తెలిసి వ్రాసినను తెలియక వ్రాసినను సంప్రదాయమే యతని కలమును పట్టి వ్రాయించినది. దుర్గము చెఱువు గట్టున నిలిచి యా శీర్షికను చదివిన సామాన్యుఁడును పాతాళమన్న నీరున్న చోటనియే గ్రహించును గాని నరకమనుకొనఁడు.

ఇట్టి శబ్దమునకు నరకార్థ మెట్లు పట్టినది? కారణ మొక్కటి కాదు. తెలుఁగు బైబిలులో హీబ్రూ 'షెయోలు' పదమునకును గ్రీకు 'హేడీసు' పదమునకును పాతాళ మనియు, 'గెహెన్నా'కు నరక మనియు వాడిరి. క్రైస్తవానువాదకులే యీ సంకరమునకు మూలమని కొందఱు పండితులు నింద మోపుట విన్నాను. అది యన్యాయము. 1611 నాఁటి ప్రసిద్ధాంగ్లానువాదమున నీ మూఁటికిని పెక్కుచోట్ల 'హెల్' అను నొక్క మాటయే యుండఁగా, తెలుఁగువారు రెండు మాటలుంచి భేదము పాటించిరి. షెయోలు మంచివారికిని చెడ్డవారికిని సమానముగ మృతులు చేరు చోటు. హేడీసును మొదట నట్టిదే. మన పాతాళమున మృతులు లేరు; అనువాదమువలన నా యర్థ మొకటి క్రొత్తగా చేరిన దనుట సత్యము. కాని పాతాళమును నరకమును ఒక్కటి చేసినది అనువాదకులు కారు. ఆంగ్లమున 'హెల్' చదివి తెలుఁగున నేదో యొకటి పెట్టిన తరువాతివారు.

రెండవ కారణము మైరావణ చరిత్రము. వాల్మీకమున లేని యీ కథ తోలుబొమ్మలాటలందును హరికథలందును మిక్కిలి ప్రచారము గాంచినది. మైరావణుఁడు రామలక్ష్మణులను పాతాళలంకకు కొనిపోయి బలి యీయఁజూచుటచే, వినువారి మనస్సున పాతాళము భయస్థాన మైనది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చలనచిత్రమునందును బలి గలదు, గుహ గలదు. అయినను అచటి దేవత వరమిచ్చునదే గాని శిక్షించునది కాదు. కావున ఆ చిత్రమును నేను దోషులలో చేర్పను.

మూఁడవది నేఁటిది. ఆంగ్లమున 'అండర్ వరల్డ్' అను పదము పూర్వము పరలోకమునకు చెప్పఁబడి, ఇరువదవ శతాబ్ద్యారంభమునాఁటికి నేరగాండ్ర సంఘమున కన్వయింపఁబడినది. బొంబాయి ముఠాల వార్తలు వ్రాయుచు తెలుఁగు పత్రికలు దానికి 'అధోజగత్తు' అని పేరుపెట్టినవి. అధస్ శబ్దము జగచ్ఛబ్దముతో చేరి అధోజగత్తగుట వ్యాకరణసమ్మతమే. కొన్నిచోట్ల 'అథో' అని థకారముతో వ్రాయుచున్నారు. 'అథ' యనఁగా పిమ్మట యని యర్థము, కనుక నది పిమ్మటిలోక మగును! అక్షరదోష మటుండనిండు. అమరమున పాతాళమునకు పర్యాయముగా చెప్పిన అధోభువనమున కిది యచ్చముగా సమానార్థకము. అనఁగా బలిచక్రవర్తి యింటిపేరును ముఠానాయకునికి తగిలించితిమి. ఈ మాట నిఁక తొలఁగింప శక్యము కాదు, వాడుక స్థిరపడినది. ఆ పొరపాటు పాతాళ శబ్దమునకును ప్రాఁకకుండ చూచుటయే మన చేతనైన పని.

కరపత్రము సంగతికి వత్తును. మిత్రునితో మాటలాడఁగా, జాలమున రెండు భాగములు గలవని తెలిసికొంటిని. వెదకు యంత్రములకు చిక్కక లోపల నుండునది 'డీప్ వెబ్'. ఈ పేరును 2001లో మైకేల్ బెర్గ్‌మన్ ప్రచారమునకు తెచ్చెను. మన బ్యాంకులెక్కలు, వైద్యశాలల పత్రములు, ఉత్తరములు, కార్యాలయముల దస్త్రములు సమస్తమును అందే యున్నవి. సంకేతపదము చెప్పినవారికే ద్వారము తెఱచును. 'డార్క్ వెబ్' అందొక చిన్న భాగము. టోర్ మొదలగు ప్రత్యేక సాధనములచే గాని చొరరానిది. దానికి మూలమైన పద్ధతి 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టినది. తమ యునికి తెలియనీయరాని పత్రికావిలేకరులును దాని నుపయోగింతురు. 2011 మొదలు 2013 దాఁక నడిచి మూయింపఁబడిన 'సిల్క్ రోడ్' వంటి మాదకద్రవ్యపు టంగళ్లును అందే వెలసినవి.

ఇది వినిన పిమ్మట నాకు భాగవతపు విభాగమే కన్నులకు కట్టినది. లోఁతైనది, పైకి కానరానిది, నిధులు గలది, కావలి గలది పాతాళము. కావున 'డీప్ వెబ్'నకు పాతాళజాల మనుట యుక్తము. చీఁకటి పేరు గలది, పరధనాపహారులు చేరునది తామిస్రము. కాని కరపత్రమున 'తామిస్రజాలము' అని వ్రాసినచో చదువరి దానిని క్రింద పెట్టివేయును. అందఱును తమ యునికి దాఁచుకొన వచ్చినంతమాత్రమున నేరస్థులును కారు. 'చీఁకటివల' యన్నచో కూరగాయ లమ్ముకొను నామెకును తెలియును. జాలమునకు వల యని మాత్రమే గాక యింద్రజాలమునం దున్న మాయార్థమును గలదని నాకు తెలియును. అయినను వల యనునది చిక్కుకొనినవాని పక్షమునుండి పుట్టిన మాట, హెచ్చరికకు తగును.

ఇం దేమున్నది, పేరేదైన నొక్కటే యని మిత్రుఁడు మొదట నన్నాఁడు. కరపత్రమును చదివిన వృద్ధుఁ డొకఁడు తన బ్యాంకులెక్క 'పాతాళజాలమున' నున్నదని మఱియొకచోట విని, అది నేరగాండ్ర చేతఁ జిక్కినదని బెదరి, బెదరించినవాఁడు చెప్పినట్లు ధనము నింకొకచోటికి పంపివేయఁడా యని యడిగితిని. భయపెట్టి ధనము బదిలీ చేయించుట యీ మోసములలో సామాన్యమైన పద్ధతి యని కరపత్రముననే వ్రాసియున్నాఁడు. కొంతతడ వూరకుండి, కాగితము పంపుమనెను. 'పాతాళజాలము' కొట్టివైచి 'చీఁకటివల' యని వ్రాసి, నరక మను వాక్యమును తీసివేసి పంపితిని.

మా మనుమరాలి ప్రశ్నపత్రము మాత్రము నాయొద్దనే యున్నది. గుణములు తగ్గింపుమని చెప్పుట తాతకు మర్యాద గాదు. పాతాళగంగ మెట్లు దింపి చూపుదునని మాట యిచ్చితిని.

పాతాళభేదికి తెలంగాణపు గ్రామములందును, సర్కారు జిల్లాలందును, ఒడిస్సా తమిళనాడులలోని తెలుఁగు పల్లెలందును ఏయే పేర్లు గలవో యెఱిఁగిన పాఠకులు పత్రికకు వ్రాసినచో నీ విచారమున కుపకార మగును. నూతులు పూడిపోవుచున్నవి, సాధనముతోపాటు పేరును పోవకముందే వ్రాసిపంపఁ గోరెదను.